పాత ఎస్‌ఎంపీఎస్, కొత్త కంప్యూటర్

కంప్యూటర్‌లో ఎస్‌ఎంపీఎస్ పని ఒక్కటే. గోడ సాకెట్ నుంచి వచ్చే 230 వోల్టుల కరెంటును తీసుకుని, మదర్‌బోర్డు, ప్రాసెసర్, హార్డ్‌డిస్క్ తట్టుకోగలిగిన 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చి ఇవ్వాలి. ఈ పని గాడి తప్పితే మాత్రం నష్టం ఆ ఇనుప డబ్బాతో ఆగదు. దాని తీగలు అందుకున్న ప్రతి భాగానికీ పాకుతుంది. కంప్యూటర్‌లో మరే భాగం చెడినా చాలావరకు ఆ భాగమే పోతుంది. ఎస్‌ఎంపీఎస్ చెడితే మిగతావాటినీ వెంటపెట్టుకుని పోయే ప్రమాదం ఉంది.

అయినా జనం అన్నిటికన్నా తక్కువగా పట్టించుకునేది దాన్నే. చీరాల ఎంజీసీ మార్కెట్ బట్టల దుకాణాల బిల్లింగ్ కౌంటర్లలో, జాండ్రపేట, ఈపూరుపాలెం వైపు కుప్పడం చీరలకు అంచులూ బుటాలూ గీసే డిజైన్ గదుల్లో, మీసేవ కేంద్రాల్లో, శుభలేఖలు కొట్టే డీటీపీ సెంటర్లలో కంప్యూటర్ మార్చడమంటే చాలాసార్లు లోపలి సరుకు మార్చడమే. మదర్‌బోర్డు కొత్తది వస్తుంది, ర్యామ్ పెరుగుతుంది, హార్డ్‌డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డీ కూర్చుంటుంది. క్యాబినెట్ పాతదే. దాని వెనక బిగించిన ఎస్‌ఎంపీఎస్ కూడా పాతదే. ‘బాగానే పనిచేస్తోంది కదా, ఉంచండి’ అన్న ఒక్క మాటతో పదేళ్లనాటి ఎస్‌ఎంపీఎస్ మరో ఐదేళ్ల కొలువుకు ఎక్కుతుంది. ఫ్యాను తిరగడం, తెర వెలగడం దాని ఆరోగ్యానికి రుజువులు కావు.

లోపల జరిగేది

230 వోల్టులన్నది ఏసీ కరెంటు సగటు బలాన్ని చెప్పే అంకె. అల శిఖరం దగ్గర అది 325 వోల్టులు దాటుతుంది. ఎస్‌ఎంపీఎస్ ముందుగా ఈ ఏసీని డీసీగా మార్చి పెద్ద కెపాసిటర్లలో నింపుతుంది. తర్వాత ట్రాన్సిస్టర్లు ఆ డీసీని సెకనుకు కొన్ని పదుల వేలసార్లు, కొన్నిటిలో లక్షసార్లకు పైగా, ఆపుతూ వదులుతూ చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌కు పంపుతాయి. అవతలి వైపు తగ్గిన వోల్టేజీని మళ్లీ డీసీ చేసి, చిన్న కెపాసిటర్లతో నునుపు చేసి తీగల్లోకి వదులుతారు. పసుపు తీగలో 12 వోల్టులు, ఎరుపులో 5, నారింజలో 3.3. ఇంటి మీది నీళ్ల ట్యాంకు మోటారు ఆగినా కాసేపు కుళాయికి నీళ్లిచ్చినట్టు, ఈ కెపాసిటర్లు కరెంటు రాకపోకల మధ్య ఖాళీలను పూడుస్తాయి. ఎస్‌ఎంపీఎస్ వయసంటే ప్రధానంగా ఈ కెపాసిటర్ల వయసే.

ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌లో అల్యూమినియం రేకుల మధ్య ద్రవంలో తడిపిన కాగితం ఉంటుంది. వేడికి ఆ ద్రవం ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా ఆవిరవుతుంది. అది తగ్గేకొద్దీ కెపాసిటర్ నిల్వ పడిపోతుంది, లోపలి నిరోధం పెరుగుతుంది. నిరోధం పెరిగితే వేడి ఇంకా పెరుగుతుంది, ద్రవం ఇంకా త్వరగా ఎండుతుంది. ఇంజినీర్లు వాడే ఉజ్జాయింపు సూత్రం ప్రకారం 10 డిగ్రీల వేడి పెరిగితే కెపాసిటర్ ఆయుష్షు సగమవుతుంది, 10 డిగ్రీలు తగ్గితే రెట్టింపవుతుంది.

చీరాలలో ఈ సూత్రం గట్టిగా దెబ్బకొడుతుంది. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలు పనిచేస్తుందని రాసిన కెపాసిటర్ 65 డిగ్రీల దగ్గర 32,000 గంటలు పనిచేయాలి. రోజుకు ఎనిమిది గంటలు వాడితే దాదాపు 11 ఏళ్లు. అదే కెపాసిటర్ 75 డిగ్రీల్లో మగ్గితే 16,000 గంటలు, అంటే ఐదున్నర ఏళ్లు. చౌక సరుకులో వేసే, అవే 2,000 గంటలను 85 డిగ్రీల దగ్గర చెప్పే కెపాసిటర్ లెక్క మరీ ఘోరం. 65 డిగ్రీల దగ్గర మూడేళ్లు నిండవు, 75 దగ్గర ఏడాదిన్నర లోపే దాని గడువు తీరుతుంది. గడువు తీరిన రోజునే కెపాసిటర్ పేలిపోదు, ఇచ్చిన కొలతలకు అది ఇక నిలబడదని అర్థం. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో, ఏసీ లేని గదిలో, గోడకు ఆనించిన క్యాబినెట్‌లో ఆ 65కూ 75కూ మధ్య తేడా ఎంతో దూరం కాదు.

వేడి ఒక్కటే కాదు. మగ్గాల పక్క గదిలో పెట్టిన కంప్యూటర్‌లోకి ఫ్యాను నూలు పీచును పీల్చుకుంటుంది. పత్తి జిన్నింగ్ మిల్లు ఆఫీసుల్లో దూది నలుసులు, మిర్చి కమిషన్ దుకాణాల్లో ఎర్రటి కారపు దుమ్ము. పీచు ఫ్యాను రెక్కలకూ హీట్‌సింక్ పళ్లకూ చుట్టుకుని గాలి దారి మూస్తుంది. వాడరేవు వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి ఆ దుమ్ముకు తేమ పట్టిస్తుంది. పొడి దుమ్ము కరెంటును మోయదు, ఉప్పుతో తడిసిన దుమ్ము మోస్తుంది. 325 వోల్టులున్న రెండు బిందువుల మధ్య అలాంటి పొర ఏర్పడితే ఒకరోజు ‘టప్’మన్న శబ్దంతో ఫ్యూజు పోతుంది. వెచ్చదనం వెతుక్కుంటూ వెనక కన్నాల్లోంచి దూరే బల్లులు, బొద్దింకలు కూడా ఇదే పని చేస్తాయి. రిపేరు బల్ల మీద పాత ఎస్‌ఎంపీఎస్ మూత తీస్తే మాడిన బల్లి కనబడటం మెకానిక్‌లకు వింత కాదు.

కొన్ని పాత ఎస్‌ఎంపీఎస్‌లలో పెద్ద కెపాసిటర్లు కదలకుండా వాటి మొదట్లో లేత రంగు జిగురు పోసేవారు. ఏళ్ల వేడికి ఆ జిగురు ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది. కొన్ని రకాలు అలా తిరిగాక కరెంటును పోనిస్తాయి, పక్కనున్న తీగలను తినేస్తాయి. మూత తీసినప్పుడు మొదట చూడాల్సింది ఉబ్బిన కెపాసిటర్ నెత్తి అయితే, రెండోది ఈ జిగురు రంగు.

నెమ్మదిగా చేసే హాని

పేలిపోయే ఎస్‌ఎంపీఎస్ కన్నా పేలకుండా పనిచేస్తూ పోయే పాత ఎస్‌ఎంపీఎస్ ఎక్కువ నష్టం చేస్తుంది. కెపాసిటర్లు ఎండిపోయినప్పుడు బయటికి వచ్చే డీసీ నునుపుగా ఉండదు, సన్నటి అలలతో వస్తుంది. ఇంటెల్ రూపొందించిన ఏటీఎక్స్ ప్రమాణాల ప్రకారం 12 వోల్టుల లైను మీద ఆ అల 120 మిల్లీవోల్టులు దాటకూడదు, 5, 3.3 వోల్టుల లైన్ల మీద 50 దాటకూడదు. వోల్టేజీ కూడా ఐదు శాతం అటూఇటూలోనే ఉండాలి. అంటే 12 వోల్టుల తీగలో 11.4 నుంచి 12.6 దాకా మాత్రమే. మామూలు మల్టీమీటర్ ఈ రెండో కొలతను చూపిస్తుంది కానీ మొదటిదాన్ని పట్టుకోలేదు. అలను చూడాలంటే ఆసిలోస్కోపు కావాలి, చిన్న ఊళ్ల రిపేరు షాపుల్లో అది అరుదు. అందుకే మీటర్ పెట్టి 12.05 చూసి ‘ఎస్‌ఎంపీఎస్ బాగుంది’ అని చెప్పే తీర్పు చాలాసార్లు సగం తీర్పే.

ఈ అలల భారమంతా మదర్‌బోర్డు మీది కెపాసిటర్ల మీద పడి, అవీ వేడెక్కి ఎండుతాయి. కంప్యూటర్ ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతుంది, నీలం తెర వస్తుంది, హార్డ్‌డిస్క్‌లో బ్యాడ్ సెక్టార్లు పుడతాయి. యజమాని విండోస్ మళ్లీ వేయిస్తాడు, ర్యామ్ మారుస్తాడు, వైరస్ అనుకుంటాడు. డిజైన్ గదిలో ఇది మరీ నొప్పి. ఒక చీర డిజైన్‌ను గడిగడికీ నింపి, జకార్డ్ అట్టలు కొట్టేందుకు సిద్ధం చేసిన ఫైలు సేవ్ అవుతున్న క్షణంలో పాడైతే పోయేది రోజుల పని.

మంచి కంపెనీ సరుకైనా కెపాసిటర్ చెడితే ఏమవుతుందో 2000 తర్వాతి సంవత్సరాలు చూపించాయి. 1999 నుంచి 2007 దాకా తయారైన మదర్‌బోర్డులు, ఎస్‌ఎంపీఎస్‌లు పెద్దసంఖ్యలో అర్ధాయుష్షుతో పోయాయి. లోపమున్న ద్రవంతో నింపిన కెపాసిటర్లు, ప్రధానంగా తైవాన్ తయారీవి, లోపల వాయువు పుట్టి ఉబ్బిపోయాయి. 2003, 2005 మధ్య అమ్మిన డెల్ ఆప్టిప్లెక్స్ యంత్రాలది మరో కథ. వాటి బోర్డులపై పేరున్న జపాన్ కంపెనీ కెపాసిటర్లే ఉన్నా విఫలమయ్యాయి. ఆ మరమ్మతుల కోసం డెల్ 2005లో 30 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆ కాలపు ఎస్‌ఎంపీఎస్ ఏదైనా ఇప్పటికీ ఎక్కడో పనిచేస్తుంటే, దాన్ని కొత్త బోర్డుకు తగిలించడం తప్పు.

అప్పటి కంప్యూటర్ అడిగింది వేరు

పాత ఎస్‌ఎంపీఎస్‌ను ఒక్కసారీ వాడకుండా అట్టపెట్టెలోనే భద్రంగా దాచారనుకున్నా, ఇంకో చిక్కు మిగులుతుంది. కంప్యూటర్లు కరెంటు అడిగే తీరు మారిపోయింది.

1984లో వచ్చిన ఐబీఎం పీసీ ఏటీ వంశపు యంత్రాల్లో ఎస్‌ఎంపీఎస్ నుంచి మదర్‌బోర్డుకు రెండు ముక్కల కనెక్టర్ వచ్చేది. రెండు ముక్కల నల్ల తీగలూ మధ్యలో పక్కపక్కన వచ్చేలా పెట్టాలన్నది మెకానిక్‌ల మొదటి పాఠం. తిప్పి పెడితే బోర్డు కాలిపోయేది. ముందువైపు స్విచ్ దాకా 230 వోల్టుల తీగ నడిచేది. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ తెచ్చాక ఒకే 20 పిన్నుల కనెక్టర్ వచ్చింది, తప్పుగా పెట్టే వీలు పోయింది. ముందు బటన్ వట్టి సంకేతం పంపే బటన్‌గా మారింది. దీనివల్ల కొత్త ప్రమాదమొకటి పుట్టింది. ఏటీఎక్స్ కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేసినా గోడ స్విచ్ వేసి ఉన్నంతసేపూ ఊదారంగు తీగలో 5 వోల్టులు ఉంటాయి, ఎస్‌ఎంపీఎస్ లోపల 325 వోల్టులు ఉంటాయి. రాత్రి దుకాణం మూసినా అది మేలుకునే ఉంటుంది, వేడెక్కుతూనే ఉంటుంది, పిడుగుపాటుకు అందుబాటులోనే ఉంటుంది.

తొలి ఏటీఎక్స్ యంత్రాలు కరెంటులో ఎక్కువ భాగాన్ని 5, 3.3 వోల్టుల తీగల నుంచి తీసుకునేవి. 2000లో పెంటియం 4 రాకతో ప్రాసెసర్ భారం 12 వోల్టుల తీగకు మారింది, నాలుగు పిన్నుల అదనపు కనెక్టర్ వచ్చింది. 2003లో ప్రధాన కనెక్టర్ 24 పిన్నులైంది. అప్పట్నుంచి నేటిదాకా ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ప్రధానంగా 12 వోల్టుల మీదే బతుకుతున్నాయి. పాత ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ మీద 300 వాట్లని పెద్ద అక్షరాలుంటాయి. కింది పట్టికలో 5 వోల్టుల దగ్గర 30 ఆంపియర్లు, 12 వోల్టుల దగ్గర 13 మాత్రమే కనిపిస్తే, నేటి కంప్యూటర్‌కు అక్కరకొచ్చేది 12ను 13తో గుణిస్తే వచ్చే 156 వాట్లే. 65 వాట్ల ప్రాసెసర్, స్లాట్ నుంచే 75 వాట్లు లాగే గ్రాఫిక్స్ కార్డు కలిస్తేనే 140. ఫ్యాన్లు, డిస్కులు ఇంకా లెక్కలోకి రాలేదు.

పైగా పాత డిజైన్లలో 5, 12 వోల్టులను ఒకే నియంత్రణ కలిపి చూస్తుంది. భారమంతా 12 మీద పడి 5 ఖాళీగా ఉంటే ఒకటి కిందికి జారుతుంది, రెండోది పైకి లేస్తుంది. కొత్త మేలురకాల్లో ముందు 12 వోల్టులు తయారుచేసి, దాన్నుంచి చిన్న డీసీ కన్వర్టర్లతో 5, 3.3 తీస్తారు కాబట్టి ఈ పేచీ ఉండదు. 2013లో ఇంటెల్ నాలుగోతరం ప్రాసెసర్లు వచ్చినప్పుడు ఇంకో లోపం బయటపడింది. నిద్రలోకి జారినప్పుడు అవి 12 వోల్టుల నుంచి 0.05 ఆంపియర్లంత స్వల్పంగా మాత్రమే తీసుకోగలవు. కొంత భారం లేకపోతే నిలకడ తప్పే పాత ఎస్‌ఎంపీఎస్‌లు ఆ దశలో ఆగిపోతాయి. వదిలేసిన కంప్యూటర్ తనంతట తాను ఆరిపోయిందని యజమాని చెప్పే ఫిర్యాదుకు కొన్నిసార్లు కారణం ఇదే.

24 పిన్నుల బోర్డుకు పాత 20 పిన్నుల కనెక్టర్ ఎక్కుతుంది, కంప్యూటర్ ఆన్ అవుతుంది కూడా. 24లో 12 వోల్టులకు రెండు పిన్నులుంటే 20లో ఒకటే ఉంటుంది. భారమంతా ఆ ఒక్క పసుపు తీగ మోస్తుంది. కొన్నాళ్లకు కనెక్టర్ ఊడదీస్తే ఆ పిన్ను చుట్టూ తెల్లటి ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, ఒక మూల కరిగి, బోర్డుకు అంటుకుని కనిపిస్తుంది. లేని కనెక్టర్ల కోసం వాడే చౌక కన్వర్టర్ తీగలూ ఇంతే. ముఖ్యంగా పాత నాలుగు పిన్నుల ప్లగ్గు నుంచి సాటాకు మార్చే, ప్లాస్టిక్ పోతపోసిన రకం కన్వర్టర్లు లోపల షార్ట్ అయి అంటుకున్న ఉదంతాలు ప్రపంచమంతటా ఉన్నాయి.

హైదరాబాద్, చెన్నై ఆఫీసుల నుంచి వచ్చి సెకండ్‌హ్యాండ్‌లో అమ్ముడయ్యే డెల్, హెచ్‌పీ, లెనోవో యంత్రాల విషయంలో ఇంకాస్త జాగ్రత్త పడాలి. 1990ల చివర్లో డెల్ కొన్ని యంత్రాలకు చూడటానికి అచ్చం ఏటీఎక్స్‌లాంటి కనెక్టర్‌నే వాడి, లోపలి తీగల వరస మార్చింది. దానికి బజారు ఎస్‌ఎంపీఎస్ తగిలిస్తే బోర్డు, ఎస్‌ఎంపీఎస్ రెండూ పోయేవి. ఇప్పటి చిన్న ఆఫీసు పెట్టెల్లోనూ ఆ కంపెనీల సొంత కనెక్టర్లుంటాయి. వాటికి ఆ మోడల్ ఎస్‌ఎంపీఎస్సే సరైనది.

ఎర్ర స్విచ్

పాత ఎస్‌ఎంపీఎస్ వెనక 115, 230 అని రాసిన చిన్న ఎర్ర స్విచ్ ఉంటుంది. మన దేశంలో అది ఎప్పుడూ 230 మీదే ఉండాలి. దుమ్ము తుడుస్తూనో, పిల్లలు ఆడుతూనో దాన్ని 115కు జరిపితే లోపలి సర్క్యూట్ వోల్టేజీని రెట్టింపు చేసే పద్ధతికి మారుతుంది. 200 వోల్టులు తట్టుకునేలా చేసిన ఒక్కో కెపాసిటర్ మీద 325 పడుతుంది. స్విచ్ వేసిన మరుక్షణం పేలుడు, పొగ. పవర్ ఫ్యాక్టర్‌ను సరిదిద్దే యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న కొత్తరకాలు చాలావరకు 100 నుంచి 240 దాకా ఏ వోల్టేజీనైనా తామే గుర్తించి సర్దుకుంటాయి. ఆ స్విచ్చే ఉండదు. పాతదానికీ కొత్తదానికీ తేడా ఒక్క చూపులో తెలియాలంటే ఈ స్విచ్ ఉందో లేదో చూడటం మంచి గుర్తు.

కరెంటు పోయి వచ్చే ఊళ్లో

కరెంటు పోగానే ఇన్వర్టర్ అందుకునేలోపు ఒక చిన్న ఖాళీ ఉంటుంది. మంచి స్థితిలో ఉన్న ఎస్‌ఎంపీఎస్ 16, 17 మిల్లీసెకన్లు తన నిల్వతో కంప్యూటర్‌ను నడపాలన్నది ప్రమాణం. యూపీఎస్‌లు సాధారణంగా 10 మిల్లీసెకన్లలోపే అందుకుంటాయి. పెద్ద కెపాసిటర్లు ఎండిన పాత ఎస్‌ఎంపీఎస్ ఆ పాటి కూడా ఆగలేదు. యూపీఎస్ బ్యాటరీ కొత్తదే అయినా కరెంటు పోగానే కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంటే అనుమానం ఎస్‌ఎంపీఎస్ మీదకు వెళ్లాలి. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవారు దాని వెనకున్న స్విచ్‌నూ చూసుకోవాలి. ఎకో పద్ధతిలో మార్పిడికి ఎక్కువ సమయం పడుతుంది, వోల్టేజీ బాగా పడిపోయినా అలాగే పంపిస్తుంది. కంప్యూటర్ ఉన్న చోట యూపీఎస్ పద్ధతే ఉండాలి.

ఇక్కడ కొత్త ఎస్‌ఎంపీఎస్‌కూ ఒక మెలిక ఉంది. యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్నవి చదరపు అలల చౌక ఇన్వర్టర్లతో కొన్నిసార్లు సరిపడవు. గోలచేస్తాయి, ఆగిపోతాయి. వాటికి ప్యూర్ సైన్‌వేవ్ ఇన్వర్టర్ కావాలి. ఎస్‌ఎంపీఎస్ మార్చేటప్పుడు ఇన్వర్టర్ రకం అడగని దుకాణదారు సగం సలహానే ఇస్తున్నట్టు.

తుపాను రోజులు వేరే లెక్క. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను పొరుగునే ఉన్న బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి రోజుల తర్వాత గోడలు, యంత్రాలు తేమ పీల్చుకుని ఉంటాయి. కరెంటు వచ్చిన వెంటనే, హెచ్చుతగ్గుల మధ్య, తడి ఆరని ఎస్‌ఎంపీఎస్‌కు స్విచ్ వేయడం దాన్ని చేజేతులా చంపుకోవడమే. స్తంభం మీద న్యూట్రల్ తీగ తెగితే ఇంట్లోకి 400 వోల్టుల దాకా రావచ్చు. ఏ ఎస్‌ఎంపీఎస్సూ దాన్ని తట్టుకోదు. అయితే మంచిదాంట్లో వేరిస్టర్ అనే చిన్న బిళ్ల తాను బలై ఫ్యూజు పోగొడుతుంది, నష్టం అక్కడికి ఆగుతుంది. చౌకదాంట్లో ఆ బిళ్ల స్థలం బోర్డు మీద అచ్చయి ఉంటుంది, బిళ్ల మాత్రం ఉండదు.

ఎర్త్ సంగతి చీరాలకు ప్రత్యేకంగా చెప్పాలి. క్యాబినెట్ ముట్టుకుంటే వేళ్లు జిల్లుమనడం చాలామందికి అనుభవమే. ఎస్‌ఎంపీఎస్ ముందుభాగంలోని ఫిల్టర్ కెపాసిటర్లు ఎర్త్‌లోకి మిల్లీ ఆంపియర్‌కన్నా తక్కువ కరెంటును వదులుతుంటాయి. మూడో పిన్ను నిజంగా భూమిని చేరకపోతే అది ఇనుప పెట్టె మీదే నిలుస్తుంది. ఆ జిల్లు ప్రాణం తీయదు. కానీ ఎర్త్ లేదని చెప్పే సాక్ష్యం అదే. పాత ఎస్‌ఎంపీఎస్‌లో ఇన్సులేషన్ చెడి ఫేజు తీగ డబ్బాను తాకిన రోజున, ఎర్త్ ఉంటే ఫ్యూజు పోతుంది, లేకపోతే మనిషికి తగులుతుంది. సముద్రపు ఇసుక నేల ఎండితే కరెంటును సరిగా మోయదు. బొగ్గు, ఉప్పు వేసి కట్టిన ఎర్త్ గుంటలో వేసవిలో నీళ్లు పోయడం మానేస్తే అది పేరుకే ఎర్త్.

కొత్తదంతా మంచిదేనా?

కాదు. ఈ మాట దాచి పాతవాటిని మాత్రమే తిట్టడం పాఠకుడికి అన్యాయం. క్యాబినెట్‌తో పాటు ఊరికే వచ్చే, లేదా ఐదారు వందలకు దొరికే ‘450 వాట్ల’ కొత్త ఎస్‌ఎంపీఎస్ కన్నా ఐదేళ్లు వాడిన మంచి కంపెనీ 400 వాట్లది నయం. తేడా చేత్తో పట్టుకుంటేనే కొంత తెలుస్తుంది. చౌకది తేలిగ్గా ఉంటుంది, హీట్‌సింక్‌లు పలచటి రేకులు, ట్రాన్స్‌ఫార్మర్ చిన్నది, ఫిల్టర్ కాయిల్ ఉండాల్సిన చోట ఒక తీగ ముక్క. వోల్టేజీలు కుదుటపడ్డాకే ‘సిద్ధం’ అని బోర్డుకు చెప్పాల్సిన బూడిదరంగు తీగను కొందరు తయారీదారులు నేరుగా 5 వోల్టులకే కలిపేస్తారు. అప్పుడది ఎప్పుడూ ‘సిద్ధం’ అనే చెబుతుంది.

పేరున్న కంపెనీలూ తప్పుచేశాయి. గిగాబైట్ పీ750జీఎం, పీ850జీఎం మోడళ్లు పరీక్షల్లో పెద్ద శబ్దంతో పేలిపోవడంతో 2021 ఆగస్టులో ఆ కంపెనీ వివరణ ఇచ్చి, అధిక భారం రక్షణ హద్దును తగ్గించి, మార్పిడికి ఒప్పుకోవాల్సి వచ్చింది. 2022లో ఏటీఎక్స్ 3.0తో వచ్చిన 16 పిన్నుల గ్రాఫిక్స్ కనెక్టర్ ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల దగ్గర కరిగిన సంగతీ తెలిసిందే. పూర్తిగా లోపలికి దిగకపోవడం ముఖ్య కారణాల్లో ఒకటి. 2023లో ఆ కనెక్టర్‌ను సవరించారు. ఇవి కొత్తవాటి లోపాలు. అయినా పాతవాటికి లేని రక్షణలు మంచి కొత్తవాటిలో ఉన్నాయి. వోల్టేజీ పెరిగినా తగ్గినా, తీగలు షార్ట్ అయినా, భారం మించినా, వేడెక్కినా ఆగిపోయే ఏర్పాట్లవి. మంచిదాని లక్షణం చెడిపోకపోవడం కాదు, పక్కవాటిని చెడగొట్టకుండా ఆగిపోవడం.

2004లో మొదలైన 80 ప్లస్ ముద్ర సామర్థ్యాన్ని చెబుతుంది, భద్రతను కాదు. అయినా ఆ పరీక్ష నెగ్గాలంటే లోపలి సరుకు కొంత బాగుండక తప్పదు. ఖర్చు లెక్కా చిన్నదేం కాదు. 100 వాట్లు వాడే కంప్యూటర్‌కు 65 శాతం సామర్థ్యమున్న పాతది గోడ నుంచి 154 వాట్లు లాగితే, 85 శాతముండే కొత్తది 118 లాగుతుంది. రోజుకు పది గంటలు, ఏడాదికి 300 రోజులు నడిపే దుకాణంలో ఆ తేడా 108 యూనిట్లు. ఆ 36 వాట్లూ పాతదాని డబ్బాలోనే వేడిగా మారి దాని కెపాసిటర్లనే ఎండబెడతాయి.

మరమ్మతు, మరో వాడకం

ఉబ్బిన కెపాసిటర్లు మార్చి ఎస్‌ఎంపీఎస్‌ను బతికించడం నేర్పున్న పనే. అదే నిరోధపు రకం, 105 డిగ్రీలవి, అసలైనవి దొరికితే పనికొస్తుంది. కానీ ఇది ఇంట్లో ప్రయత్నించే పని కాదు. ప్లగ్గు తీసేశాక కూడా పెద్ద కెపాసిటర్లలో 325 వోల్టులు నిలిచి ఉండొచ్చు. దాన్ని ఖాళీ చేసే రెసిస్టర్ మాడిపోయి ఉంటే అది ఎంతసేపు నిలుస్తుందో చెప్పలేం. అసలైన ఫ్యూజు స్థానంలో రాగి తీగ చుట్టడం మరమ్మతు కాదు, నిప్పు పెట్టడం. ఆకుపచ్చ తీగను నల్ల తీగకు కలిపి పాత ఎస్‌ఎంపీఎస్‌తో ఆంప్లిఫయర్లు నడపడం, బ్యాటరీలు చార్జ్ చేయడం కుర్రాళ్లకు సరదా. బ్యాటరీ చార్జింగ్‌కు అది తయారు కాలేదు. ఆ పనికి దాన్ని రాత్రంతా వదిలేయడం ఎవరూ చేయకూడదు.

పనికిరాని ఎస్‌ఎంపీఎస్‌ను రాగి కోసం కాల్చడం వల్ల సీసపు టంకం, ప్లాస్టిక్ పొగ ఆ వీధి ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని నమోదైన రీసైక్లర్లకే చేర్చాలి.

ఏది ఉంచాలి, ఏది మార్చాలి

వెనక ఎర్ర స్విచ్ ఉన్నది, 20 పిన్నుల కనెక్టర్ మాత్రమే ఉన్నది, స్టిక్కర్ మీద 12 వోల్టుల వాట్లు మొత్తంలో సగానికి అటూఇటూగా ఉన్నది కొత్త మదర్‌బోర్డుకు తగదు. ఫ్యాను గరగరలాడేది, మాడిన వాసన వచ్చేది, కరెంటు పోగానే యూపీఎస్ ఉన్నా రీస్టార్ట్ చేసేది ఏ బోర్డుకూ తగదు. పేరున్న కంపెనీదైనా రోజంతా నడిచే దుకాణంలో ఏడెనిమిదేళ్లు దాటితే దాన్ని ఇక నమ్మకపోవడమే మేలు. కొత్తది కొనేటప్పుడు స్టిక్కర్ మీద 12 వోల్టుల ఆంపియర్లు, బీఐఎస్ గుర్తు కింద ‘ఆర్’తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు, వారంటీ ఏళ్లు చూడాలి. ఆ నంబరు నిజమో కాదో బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడొచ్చు. ఆఫీసు పనికి గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్‌కు నిజాయతీగల 400 వాట్లు ధారాళంగా సరిపోతాయి. ఇంతకన్నా పెద్ద అంకె కోసం డబ్బు పెట్టేబదులు ఇంతలోనే మంచి రకానికి పెట్టాలి.

కొత్త మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ రాసిన బిల్లులో ఎస్‌ఎంపీఎస్ కనిపించకపోతే, డబ్బు కట్టేముందు దాని సంగతేమిటని దుకాణంలో తప్పక అడగండి.